ఫోన్ తుడిచేసిన వణుకు

శ్రీసత్యా,

బి షిఫ్టుకి వెళ్తున్నాను. సాయంత్రం అత్తయ్య దీపంలో నూనె పోసేటప్పుడు వీడియో తియ్యి. ఫోన్‌తో కాదు, బీరువాలో ఉన్న కెమెరాతో. షట్టర్ సెకనులో వందో వంతు దగ్గర పెట్టాను, కదపకు. లెన్సు పూర్తిగా తెరిచి, దీపం వెలుగే చాలేలా ఐఎస్ఓ మూడువేల రెండొందలకి పెంచాను. బొమ్మ నిండా చుక్కలు పడతాయి, పడనీ. ఫోకస్ ఆటోలో వద్దు, ఆవిడ వేళ్ళ మీదికి నువ్వే తిప్పి ఆపు.

డాక్టరుగారికి పంపిన ఫోన్ వీడియో మళ్ళీ చూశాను. చీకట్లో ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపేసి నునుపు చేస్తుంది. ఆ నునుపులో చేతి వణుకు కూడా పోయింది. ఆయన అది చూసే పర్వాలేదన్నారు.

అత్తయ్య ఈ మధ్య లైటు ఆర్పేసి మరీ దీపం పెడుతున్నారు, గమనించావా? అడిగితే "నాకేటైంది బాబూ, ట్యూబులైటుకి కళ్ళు మండుతన్నాయి" అన్నారు. నేను నమ్మలేదు. ఆ రోజు కెమెరా ఉందిగా అంటే "ఫోన్ చాలు, బాగానే వస్తాది" అన్నావు నువ్వు. అదీ నమ్మలేదు. మీ అమ్మ చెయ్యి బాగా రావాలనే ఫోన్‌తో తీశావేమో. ఆ వీడియో చూసి నాకూ హాయిగానే అనిపించింది. అందుకే నా మీద కూడా అనుమానం.

కూర ఫ్రిజ్‌లో ఉంది.

జయంత్

కెమెరా చేత్తో పట్టుకోకు, స్టాండు మీద పెట్టు. మొన్న టీ ఇస్తుంటే నీ చేతిలో కప్పు సాసర్ మీద టకటకమంది. అత్తయ్యది అయ్యాక నీ చేతులు కూడా ఒక నిమిషం తియ్యి. నాకు చూపించకపోయినా సరే, డాక్టరుగారికి పంపు.