వేలిముద్ర పడలేదు

సోమవారం రాత్రి

ఇవాళ రేషన్ డిపోలో మిషన్ నా వేలిముద్ర తీసుకోలేదు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. పోయిన వారం చేతులకు నూనె రాసుకోకుండా పచ్చి జీడిపిక్కలు ఒలిచాను. సొన తగిలి వేళ్ల కొసలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. వెనక నిలబడ్డ పార్వతత్త ఊరుకుంటుందా? "ఏటే, నీ ఏలికి బియ్యమే ఇవ్వట్లేదు, ఇంగ్లండోలు వీసా ఎలాగిస్తారే?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

గురువారం విశాఖలో వీసాకు పది వేళ్ల ముద్రలూ ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో కాలేజీ తెరిచేలోపు వీసా రాకపోతే సీటు పోతుంది. అమ్మకు చెబితే, "కొబ్బరినూనె రాయే, కొత్త తోలు వచ్చేస్తాది" అంది. గురువారంలోగా వస్తుందా అనుకుంటూనే నూనె రాసుకున్నాను.

ఇప్పుడే ఫోన్ మీద బొటనవేలు పెట్టి చూశాను. తెరుచుకోలేదు. తుడుచుకుని మళ్లీ పెడదామంటే భయంగా ఉంది.