యాదగిరి మేస్త్రీ పోసిన ర్యాంపు

ఆగస్టు 2006, మంగళవారం రాత్రి
అమీర్‌పేట హాస్టల్

ఇవాళ జావా క్లాసులోకి నా అంతట నేనే వెళ్లాను. రెండు నెలలుగా ఇన్‌స్టిట్యూట్ ముందున్న మూడు మెట్ల దగ్గర ఎవరో ఒకరు నన్ను వీల్‌చైర్‌తో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్లు. వాళ్లు దొరక్క ఎంత ఆలస్యమైనా సార్ "పర్లేదమ్మా" అనేవారు. ఆ మాట నాకెప్పుడూ నచ్చలేదు.

పోయిన వారం ఆ మెట్ల పక్కన యాదగిరి మేస్త్రీ మొదట పోసిన ర్యాంపు మరీ నిటారుగా వచ్చింది. ఎక్కలేనంటే ఆయన నమ్మలేదు. నేను బెంచీ మీదికి మారాక తనే నా కుర్చీలో కూర్చుని చక్రాలు తిప్పాడు. సగం దాకా పోయి, వెనక్కి జారి, ఇసుక కుప్పకు తగిలి ఆగాడు.

"గిది బండ్లు ఎక్కెతందుకు కట్టిన బిడ్డా, చేతులతోని ఎక్కెటోళ్లకు కాదు. జర ఆగు," అని తనే పగలగొట్టి, గోడ వెంబడి పొడుగ్గా మళ్లీ పోశాడు.

శుక్రవారం పంజాగుట్టలో ఇంటర్వ్యూ. ఆ ఆఫీసుకి ఎన్ని మెట్లున్నాయని ఫోన్‌లో అడిగితే, "ఎప్పుడూ లెక్కపెట్టలేదండీ," అంది రిసెప్షన్ అమ్మాయి. అక్కడ యాదగిరి ఉండడు. ఏం చెయ్యాలో ఇంకా తోచలేదు...

ఇవాళ సాయంత్రం, ఎత్తేవాళ్ల కోసం వెతకక్కర్లేదు, ఇక తొందరేముందిలే అని నేనూ రూమ్మేట్ సునీతా ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా ఉన్న బజ్జీల బండి దగ్గరే ఉండిపోయాం. ర్యాంపు మీదుగా క్లాసులోకి వెళ్లేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం.

"ఏంటమ్మా ఇది? బజ్జీలు తినడానికొచ్చారా, చదువుకోడానికొచ్చారా? రేపు ఇలాగే వస్తే ఇద్దరూ బయటే," అన్నారు సార్, అందరి ముందూ.

నవ్వు కనబడకుండా తల వంచుకుని నోట్‌బుక్ తెరిచాను. సునీతకి ఎన్ని తిట్లు పడ్డాయో నాకూ అన్నే పడ్డాయి.