గట్టిమేళం కింద గొంతు

మచిలీపట్నం,
ఆదివారం.

చిరంజీవి భానుప్రకాష్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ నాయనమ్మా కులాసా. నువ్వూ, నీ కోస్ట్‌గార్డ్ ఓడా, ఓడలో నీ తోటివాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నెలలో ఇరవై రోజులు సిగ్నల్ లేని సముద్రం మీద తిరిగేవాడికి ఉత్తరం రాయడమే నాకూ బాగుంది. ఫోనులో అయితే "ఊఁ, సరే, తిన్నావా" అని మూడు మాటలతో సరిపెడతావు. ఇక్కడ నేను చెప్పిందంతా చదివి తీరాలి.

మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. ఉన్నాయి. నాయనమ్మ మందులు వేసుకుంటోందా అన్నావు. నన్ను తిట్టి మరీ వేసుకుంటోంది. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే వీరదుర్గతో రోజూ బేరమాడకపోతే ఆమెకి పొద్దు గడవదు. ఒకప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మిన మనిషి, కొనేటప్పుడు ఊరుకుంటుందా?

ఇక నువ్వు గట్టిగా అడిగిన మూడో సంగతి. "పెళ్లి వీడియోల మిక్సింగే వృత్తిగా బతికేదానివి, పదేళ్లనాటి సాఫ్ట్‌వేర్‌తో ఎన్నాళ్లు నెట్టుకొస్తావమ్మా, మార్చవా?" అని రాశావు. కోపం తెచ్చుకోకు, ముందు నా వాదన విను. ముక్క కొయ్యాలి, ముక్కకి ముక్క అతకాలి, పాట వెయ్యాలి. ఈ మూడూ నా పాతది చక్కగా చేస్తుంది. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్లికూతురి నవ్వు దగ్గర ఎంతసేపు ఆగాలో ఏ కొత్త వెర్షనూ చెప్పదు, చెయ్యి చెప్పాలి.

కోనేరు సెంటర్లో స్టూడియో ఉన్న శ్యామ్ సుందర్ తెలుసుగా, ఏటా కొత్తది వేస్తాడు. కిందటేడు ఒక పెళ్లి పని సగంలో ఉండగా మార్చాడు. పాతదాంట్లో చేసింది కొత్తదాంట్లో సరిగా తెరుచుకోలేదు. వేసిన రంగులూ, పేర్లూ అన్నీ చెదిరిపోయాయి. గుడివాడ పెళ్లివారికి జవాబు చెప్పుకోలేక నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ పాతదాంట్లో ఈ పెళ్లి గట్టెక్కించవా" అని. నేను నవ్వలేదు. వాడు వెళ్లాక నవ్వాను.

అంత వాదించినదాన్ని, పోయిన నెలలో మార్చేశాను. చేతిలో ఉన్న రెండు పెళ్లిళ్లూ పూర్తిచేసి అప్పగించాకే మార్చాననుకో. ఎందుకు మార్చానో చెబుతాను.

ఘంటసాల నుంచి ఝాన్సీ గారని ఒకావిడ వచ్చారు. వెంట కూతురు యశస్విని, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఇరవై ఏళ్ల కిందట ఝాన్సీ గారి పెళ్లి వీడియో తీసింది మీ నాన్న, మిక్సింగ్ చేసింది నేను. ఆవిడ ఆ డిస్కు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"మా నాన్నగారు గోవర్ధనరావు గారు పోయారండీ, ఆమధ్య," అన్నారు. "తాళి కట్టేటప్పుడు నా తల మీద చెయ్యేసి ఏదో అన్నారు. నాకు వినపడలా. తర్వాత అడుగుదామంటే సిగ్గేసింది. ఆయనున్నన్నాళ్లూ అడగలేదండీ. వీడియోలో పెదాలు కదలటం కనపడతంది గానీ, మేళం తప్ప ఇంకేం లేదు. మీరేమన్నా చెయ్యగలరేమోనని వచ్చాం."

నీకు తెలుసుగా, పెళ్లంతా మనం పాటలు వేస్తాం గానీ ముహూర్తం దగ్గర వెయ్యం. మంత్రాలూ గట్టిమేళమూ అసలువే ఉండాలంటారు జనం. ఆ మేళంలోనే ఆయన మాట మునిగిపోయింది. నా పాతదాంట్లో సౌండు తగ్గించొచ్చు, పెంచొచ్చు. మేళం తగ్గిస్తే మాటా తగ్గుతుంది. కలిసిపోయినవాటిని విడదీసే దారి లేదు. కొత్తవాటిలో ఉందని శ్యామ్ సుందర్ చెబితే కోతలనుకున్నాను.

కొత్తది వేశాక వాళ్లిద్దర్నీ పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని మేళాన్ని విడదీసే బటన్ నొక్కాను. భానూ, ఏం చెప్పమంటావు! డోలు వెళ్లిపోయింది. సన్నాయి వెళ్లిపోయింది. నీళ్లు వెనక్కి తీశాక రేవులో అడుగు బయటపడ్డట్టు కిందనుంచి మనుషులు బయటపడ్డారు. పంతులుగారి దగ్గు వినిపించింది. ఎవరిదో పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ పెళ్లిని ఫ్రేము ఫ్రేముగా కోసినదాన్ని, దాన్లో ఇంతమంది ఉన్నారని నాకే తెలియదు. కంప్యూటరుకి దండం పెట్టబోయి, యశస్విని చూస్తుందని ఆగాను.

పంతులుగారి మైకు పక్కనే ఉండబట్టి గోవర్ధనరావు గారి మాటా దొరికింది. "కాళ్లు తిమ్మిరెక్కాయా అమ్మా? నా మీద ఆనుకో." అంతే. ఝాన్సీ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు ఇదిరా. కంపెనీవాడు మార్చమన్నప్పుడల్లా మార్చక్కర్లేదు. పక్క షాపువాడు మార్చాడని అసలే అక్కర్లేదు. మనల్ని నమ్మి వచ్చిన మనిషి పని మన దగ్గరున్నదాంతో కానప్పుడు మాత్రం మొండికెయ్యకూడదు. నేను రెండు మూడేళ్లు ఎక్కువే మొండికేశాను.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. లేచి వెళ్లి టీ పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను.

ఝాన్సీ గారు కళ్లు తుడుచుకుంటుంటే యశస్విని నా భుజం తట్టింది. "ఆంటీ, తాతయ్య మాట అయిపోగానే ఇంకెవరో గట్టిగా మాట్లాడతన్నారు. కెమెరామెన్ అనుకుంటా. అది తీసెయ్యొచ్చాండీ?"

"తీసేస్తానమ్మా," అన్నాను. నోటికి అలవాటైన మాట.

నీకు ఆరేళ్లప్పుడు అడిగావు, నాన్న గొంతు ఎలా ఉండేదమ్మా, ఒక్క క్యాసెట్లోనూ లేదా అని. కెమెరా వెనకాల ఉండేవాళ్లు వీడియోలో ఉండరు బాబూ అన్నాను. అది అబద్ధం. ప్రతి క్యాసెట్లోనూ ఉన్నాడు. షూటింగులో నాకు చెప్పాల్సినవన్నీ కెమెరాకే చెప్పేవాడు, మిక్సింగులో నేను వింటానని. "లక్ష్మీ, ఇది తీసెయ్, పెళ్లికొడుకు తుమ్మాడు." "లక్ష్మీ, ఇక్కడ పూలు వెయ్యి." "లక్ష్మీ, పిల్లోడికి దగ్గు తగ్గిందా?" నీకు దగ్గు తగ్గిన రెండు రోజులకి ఆ ప్రశ్న నాకు వినిపించేది. నవ్వుకుని, కోసేసి, పైన పాట వేసేదాన్ని. పెళ్లివారి వీడియోలో కెమెరామెన్ గొంతు వినపడితే మన పేరు పోతుంది. అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసేవాళ్లం.

నీకు మూడేళ్లప్పుడు పెడన రోడ్డు మీద ఆయన బండి లారీ కింద పడింది. అప్పటికి ఒక పెళ్లి క్యాసెట్ నా బల్ల మీద ఉంది. దినాలయ్యాక పెళ్లివారు అడిగితే కూర్చుని చేసిచ్చాను. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. "లక్ష్మీ" అన్న చోటల్లా కోసేశాను. ఆ క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసుకుంటానని శ్యామ్ సుందర్ వాళ్ల నాన్న అడిగితే ఇచ్చేశాను కూడా. నెల తర్వాతగానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. అది నీతో చెప్పే ధైర్యం ఇన్నేళ్లూ లేకపోయింది. నన్ను తిట్టాలనుంటే తిట్టు, పడతాను.

ముహూర్తాల్లో మాత్రం ఆయన నోరు మెదపడనుకున్నాను. మేళంలో నాకెప్పుడూ ఏమీ వినపడలేదు మరి. ఆరోజు ఝాన్సీ గారు వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని, నాయనమ్మని పిలిచి, మళ్లీ నొక్కాను. ఆవిడ స్పీకరు దగ్గర చెవి పెట్టి రెండుసార్లు వింది. "గొంతు నీరసంగా ఉంది. వీడికి అన్నం పెట్టలేదు వాళ్లు," అంది. మూడోసారి వినలేక లేచి వెళ్లిపోయింది.

ఆయన అన్నది ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"లక్ష్మీ, ఈ మేళంలో నీకెలాగూ వినపడదుగా, అందుకని చెప్తన్నా. వీడియోలు బాగా తీత్తావయ్యా అని అందరూ నన్ను మెచ్చుకుంటన్నారే. నేనేం తీత్తన్నా? కెమెరా పట్టుకు నిలబడతన్నా. పెళ్లి చేసేది నువ్వు. ఇంటికొచ్చాక అడిగావా, అనలేదంటా."

ఈ కవర్లో చిన్న పెన్‌డ్రైవు ఉంది, జాగ్రత్త. ఝాన్సీ గారి కాపీలో మీ నాన్న గొంతు తీసేశాను, అది వాళ్ల పెళ్లి. నీ కాపీలో మేళం తీసేశాను.

ఇట్లు,
మీ అమ్మ