బావ తాగిన కాఫీ

అక్కా,

యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఉదయగిరిలోని నీ కాఫీ మర పిడి నిన్నటి నుంచి నా ఏలుబడిలోకి వచ్చింది.

నువ్వు పోయి ఏడాదైంది. అప్పటి నుంచి బావ కాఫీ ముట్టలేదు, అన్నమూ సగమే. మనిషి చిక్కిపోతుంటే నాకు భయంగా ఉంది. నిన్న ఆత్మకూరు నుంచి గింజలు తెచ్చి, మరీ మెత్తగా ఆడించాను. ఫిల్టర్లో చుక్క దిగలేదు.

"ఏందిరా ఈ బురద? మీ అక్కుంటే నీ నెత్తిన పోసుండేది," అని బావ ఫిల్టర్లోకి తొంగిచూసి లేచిపోయాడు.

ఈరోజు మర వదులు చేసి బరకగా ఆడించాను. "ఒకటిన్నర చుట్టు వదులు చెయ్యమని ఆస్పత్రిలో అక్కే చెప్పింది బావా, అట్నే చేసినాను," అన్నాను.

బావ గ్లాసు ఖాళీ చేశాడు. "ఇంకేమేం చెప్పిందిరా?" అన్నాడు.

రేపటికి ఏం చెప్పను? ఆస్పత్రిలో నువ్వు నోరే తెరవలేదు కదక్కా. ఆ మాట నేనే పుట్టించాను.