కడగని జెర్బెరా

నవంబర్ 21, శుక్రవారం. పొద్దున మంచు, మధ్యాహ్నం నుంచి ఓపెన్‌కాస్టు బొగ్గుగని దుమ్ము. వాకిలి రెండుసార్లు కడిగాను.

ఐదో జెర్బెరా మొక్క కూడా పోయింది. జనవరిలో నేను రిటైరై ఈ కంపెనీ క్వార్టర్ వదిలేలోపు వాకిట్లో పూలు చూడాలంది రాజవ్వ. పెళ్లయినప్పటి నుంచి నా భార్య నన్ను అడిగింది అదొక్కటే. బొగ్గు గాలికి తట్టుకునే గట్టి రకం ఇమ్మని, చచ్చిన మొక్కను పట్టుకుని బసంత్‌నగర్ దగ్గరి నర్సరీకి వెళ్లాను. నర్సరీ అతను మొక్క నడుమ వేలితో నొక్కాడు. మెత్తగా కుళ్లి ఊడొచ్చింది.

"నెత్తిమీద నీళ్లు పోస్తున్నవా కాకా?"

"దుమ్ము పడితే కడగొద్దా?"

"మొక్క మొదట్ల, మట్టిల పొయ్యాలె. నడుమ నీళ్లు నిలిస్తే ఎంత గట్టి రకమైనా గిట్లనే కుళ్లుతది."

గని నుంచి వచ్చి ఒళ్లు కడుక్కోనిదే నేను గడప దాటను. మొక్కలకూ రోజూ అదే స్నానం చేయించాను. చచ్చినప్పుడల్లా రకాన్ని తిట్టాను.

ఒట్టి చేతులతో వచ్చి చెబితే రాజవ్వ నవ్వి, బట్టలుతికే బండ వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ నాటిన ఆరో మొక్కను నేను మరిచేపోయాను. బట్టలు జాడించిన నీళ్లే దానికి ఆధారం. ఆకులు మసిగుడ్డల్లా ఉన్నాయి, నడుమ ఒక మొగ్గ.

"నీ చెయ్యి పడంది ఇదొక్కటే బతికింది" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆ దుమ్ము చూస్తే ఇప్పటికీ చేయి ఊరుకోవడం లేదు. చెంబు ఎక్కడో దాచింది, అడిగితే చెప్పడం లేదు. తడిగుడ్డతో ఒక్క ఆకైనా తుడిస్తే ఏమవుతుంది?