ఏరేటర్లు ఆగాక కనిపించింది

మంగళవారం రాత్రి

ఈరోజు బొమ్మ కుదిరింది! ఇన్నాళ్లూ స్క్రీన్ మీద బురదలా కనిపించిన భూమి లోపలి పొరలు ఒకదాని కింద ఒకటి స్పష్టంగా తేలాయి. ఆఫీసని కూడా చూడకుండా చప్పట్లు కొట్టేశాను.

ఊళ్లో సందడి ఉండదని మా టీమంతా కలిసి గ్యాస్ వెతికే సర్వేకి తెల్లవారుజామునే ఎంచుకున్నాం. నేలలో చిన్న పేలుళ్లు జరిపి, లోపలి రాళ్లను తాకి తిరిగొచ్చే ప్రకంపనలను రికార్డు చేశాం. తీరా చూస్తే అన్నిట్లోనూ ఒకటే గరగర. కంప్యూటర్లో ఎంత వడకట్టినా పోలేదు. ఆమధ్య ఓ తెల్లవారుజామున ఈయన "ఏరేటర్లు చూసొస్తా" అని మంచం దిగుతుంటే నా బుర్రలో వెలిగింది. ఆ వేళకి చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నిట్లో నీళ్లు చిలికే మోటార్లే కదా! ఎండెక్కి అవి ఆగాక మళ్లీ రికార్డు చేయించాను.

ఇంటికొచ్చి చెప్తే ఈయన ఒకటే నవ్వు.

"అయితే ఇన్నాళ్లూ నీ బొమ్మ పాడుచేసింది నా మోటార్లేనంటావా?"

"మీవీ ఉన్నాయండి!"

"ఇంతకీ కింద ఏం కనిపించింది?"

"రేపు చెప్తాలెండి," అన్నాను.

గ్యాస్ నిలవడానికి వీలుగా ఒక పొర గొడుగులా పైకి లేచింది, సరిగ్గా మా చెరువు కిందే. నిజంగా ఉంటే ఎంత గొప్ప! కానీ అక్కడే బావి తవ్వుతామంటే ఈయన రొయ్యలు...

అదిగో, మోటార్లు వేశారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోతున్నాను. ఈ రాత్రే మొదటిసారి వింటున్నాను.