రెప్ప వెయ్యని బిషారా

ఒరేయ్ బిషారా,

యుద్ధంలో నీ క్షిపణి పెట్టె మోసినవాణ్ణి, ఇస్మాయిలియా నుంచి రాస్తున్నాను.

నీ కూతురు ఈరిని ఫోన్లో ఏడ్చింది. శుక్లాల ఆపరేషన్ వద్దని మొండికేశావట. “కన్ను కదపకుండా ఉండలేనంటున్నాడు బాబాయ్!” అంది. నవ్వాగక టీ ఒలకబోసుకున్నాను. సూయజ్ కాలువ దాటిన మూడోరోజు, టాంకు మనవైపే గొట్టం తిప్పుతుంటే, ఇసుకలో బోర్లా పడుకుని, తీగ ఈడ్చుకుంటూ పోయే క్షిపణిని చేతిపిడితో నడిపిస్తూ ఇరవై సెకన్లు రెప్ప వెయ్యలేదు నువ్వు. నేనా? కళ్ళు గట్టిగా మూసుకుని మా తోట మామిడిపళ్ళు తలుచుకున్నాను. (ఈ ఏడు కాపు బాగుంది. ఆ సంగతి తర్వాత.)

అసలు కారణం నాకు తెలుసులే. ఆ టాంకు మండడం చూసిన సాయంత్రం “ఈ కళ్ళు చూసింది ఇక చాలు” అన్నావు. యాభై ఏళ్ళుగా ఆ మాట మనిద్దరం ఎత్తలేదు.

చాలదురా. పోయిన నెల నేనూ కంటి ఆపరేషన్ చేయించుకున్నాను. కట్టు విప్పిన రోజే కాలువ దాటి వెళ్ళాను. మనం పడుకున్న ఇసుకలో ఎవరో మొక్కజొన్న వేశారు. ఎంత పచ్చగా ఉందో! నువ్వది చూడాలి.

ఆదివారం వస్తున్నాను, ఆస్పత్రికి వెళదాం. పెట్టె మళ్ళీ నేనే మోస్తాను. ఈసారి అందులో నీ బట్టలు, మా మామిడిపళ్ళు, అంతే.

నీ మోతగాడు